సగం రాసిన "లేదు"

చినవాల్తేరు నుంచి కేజీహెచ్‌కి పిలిచారు నన్ను.
సర్జరీ వార్డు, పదకొండో మంచం.
తెడ్డు పరసమ్మ, యాభై ఎనిమిదేళ్లు,
షుగరుకి నల్లబడ్డ పాదం.
మోకాలి కింద తీసేయాలంటారు. వద్దంటోంది.
పాత చీటీల మీద మా పిచ్చాసుపత్రి ముద్ర ఉంది కనుక
ఆమె "వద్దు" ఎవరి చెవికీ "వద్దు"లా వినబడ్డం లేదు.

"మతి ఉందో లేదో రాసిచ్చేయండి మేడమ్,
రెండింటికి థియేటర్ ఖాళీ."
సర్జన్ చెడ్డవాడు కాదు, రాత్రంతా నిద్ర లేదతనికి.
తమ్ముడు పోలయ్యా చెడ్డవాడు కాదు.
బొటనవేలికి సిరా ఇంకా ఆరలేదు.
"అక్కకి ఇరవయ్యేళ్ల నుంచీ ఇంతేనండి.
ఆవిడ మాట నాను సెప్తాను గదా."

ఎలా ఉందమ్మా, అన్నాను. పలకలేదు.
ఈ కాలు ఎందుకు తీస్తామంటున్నారో తెలుసా, అన్నాను.
ఫ్యాను వైపు చూసింది.
పొద్దుటి మాత్ర రెప్పల మీద ఇసుకబస్తాలా కూర్చుంది.
నా నోట్సులో ఒక గడి, ఉంది అనో లేదు అనో.
"లే" అని రాశాను.

"దు" రాసేలోగా
తడిగుడ్డ పిండుతూ ఆయా నీలవేణి అంది:
"కుడిచెవి ఇనబడదండి ఆవిడికి.
అటేపు నిలబడి ఎంతడిగితే ఏటి?"

చట్టం చదివాను నేను. పరీక్షలో రాశాను కూడా.
ప్రతి మనిషికీ ఉందనే మొదలుపెట్టాలి.
లేదని రుజువు చేయాల్సింది నేను,
ఉందని ఆమె కాదు.
ఇంత తెలిసీ
వినబడని చెవి దగ్గర నిలబడ్డాను.

థియేటర్ ఇంకెవరికైనా ఇచ్చేయమన్నాను.
సర్జన్ ఏదో గొణిగాడు.
నాకు రెండు చెవులూ వినబడతాయి.

నాలుగింటికి మళ్లీ వెళ్లాను. మత్తు దిగింది.
ఎడమ పక్కన స్టూలు వేసుకున్నాను.
కిటికీలో పోర్టు క్రేన్లు, వాటి సందున సముద్రం ముక్క.

"ఇవాళ ఏ తేదీ?"
"ఏట బందయ్యి ఇయ్యాల తొమ్మిదో రోజు."
వేళ్లు మడిచి లెక్కపెట్టుకున్నాను. ఏప్రిల్ ఇరవై మూడు. సరిపోయింది.
"వందలో ఏడు తీసేస్తే?"
"ఎవుడికి ఏడు? ఏలంపాట పాడినోడికా? ఆడికి అయిదు సాలు."
కాగితం మీద ఇది తప్పు జవాబు.
ఫిషింగ్ హార్బర్‌లో కాదు.
అయినా ఆ ఏడుకీ ఈ కాలికీ ఏం చుట్టరికం?

ల్యాబు చీటీ వెనక పాదం గీశాను,
ఎక్కడ కోస్తారో గీత పెట్టాను.
"పండుగొప్పలాగుంది," అంది.
తర్వాత తనే చెప్పింది, నేను చెప్పినదంతా, తన మాటల్లో:
"అయిసు నేని పెట్టిలో సేప ఏటవుద్దో నాకు తెల్దేటి?
కాలు తియ్యకపోతే సచ్చిపోతాను. ఎంటనే కాదు.
తీస్తే బతుకుతాను.
కర్రకాలు ఇసకలో దిగబడిపోతాది, తట్ట ఎత్తలేను.
పోలిగాడి అరుగు మీద కూకుని ఆడి పెళ్లాం పెట్టింది తినాల.
పెడతాది, మంచిదే అది.
నాకే ఒద్దు."

"గొంతులు ఇంకా వినబడుతున్నాయా?"
"వొస్తాయి.
ఈ ఇసయం ఆటినడగనేదు."

ఆమె తప్పు చేస్తోందనే అనుకుంటున్నాను. ఇప్పటికీ.
తప్పు చేయడమూ మతి లేకపోవడమూ ఒకటి కాదని
రాయడానికి పెన్ను మొరాయించింది.
"లే" కొట్టేసి "ఉంది" అని రాశాను.
కొట్టేసినా కనబడుతూనే ఉంది ఆ అక్షరం,
ఎవర్నో నిద్రలోంచి కసురుతున్నట్టు.

వేలిముద్ర కాగితం పోలయ్యకి తిరిగిచ్చేశాను.
గోడవైపు తిరిగి ఏడ్చాడు.
దానికి నా ఫారంలో గడి లేదు.

నేను లేస్తుంటే చెయ్యి పట్టుకుంది పరసమ్మ.
"రేపొచ్చి మళ్లీ అడుగు, పాపా.
ఇటేపు నుంచే అడుగు."